అండమాన్‌లో ప్రాణుల్ని చూడాలంటే ముందు తిథి చూడండి

అండమాన్ వెళ్లివచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే సెల్యులార్ జైలు, రాధానగర్ తీరం, అడుగున గాజు బిగించిన పడవ అని చెబుతారు. ఆ దీవుల్లో తప్ప మరెక్కడా ఉండని పక్షులు తాము బస చేసిన హోటల్ వెనక చెట్టు మీదే కూర్చున్నాయని చాలామందికి తెలియదు. తప్పు వాళ్లది కాదు. ప్యాకేజీ యాత్ర ఓడ టికెట్టును బట్టి, హోటల్ గది ఖాళీ చేసే వేళను బట్టి నడుస్తుంది. అక్కడి ప్రాణులు మాత్రం సూర్యుణ్ణీ సముద్రాన్నీ బట్టి నడుస్తాయి. ఈ రెండు కాలపట్టికలనూ కలపగలిగితే సగం పని అయినట్టే. ఎనిమిది పదిమంది కలిసి, వారం పది రోజులు పెట్టుకుని, నీటి మీదా నేల మీదా ప్రాణుల్ని చూడాలనుకునేవారికి ఈ కింది పద్ధతి పనికొస్తుంది.

ముందుగా ఒక ఆశ వదులుకోండి. అండమాన్ అడవుల్లో పులి లేదు, చిరుత లేదు, నక్క కూడా లేదు. ఏనుగుల్ని కలప లాగడానికి తెచ్చారు, చుక్కల జింకల్ని బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలారు. రాస్ దీవిలో మీ సంచిలో మూతి పెట్టే జింకను చూసి మురిసిపోవచ్చు గాని, అది ఆ దీవి ప్రాణి కాదు. ఇక్కడ చూడవలసినవి పక్షులు, బల్లులు, ఎండ్రకాయలు, తాబేళ్లు, పగడాలు. జీపులో తిరిగితే ఇవి కనబడవు. ఒకచోట కూర్చుంటే కనబడతాయి.

తేదీ కుదుర్చుకోవడం

డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా మంచి కాలం. నైరుతి రుతుపవనాల్లో సముద్రం పొంగి ఓడలు ఆగిపోతాయి, నీళ్లు కలకబారతాయి. నవంబరు, డిసెంబరుల్లో తుపానుల బెడద ఉంటుంది. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాలు అన్ని విధాలా అనువు. తాబేళ్లు గుడ్లు పెట్టేదీ, వలస పక్షులు ఉండేదీ అప్పుడే.

నెల కుదిరాక పంచాంగం తెరవండి. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల లాగుడు ఒకే వరుసలో పడుతుంది కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అండమాన్‌లో ఆ రోజుల్లో ఎత్తుకూ దిగువకూ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా బాగా తగ్గుతుంది. ప్రవాహం నెమ్మదిస్తుంది, అడుగు బురద లేవదు, నీరు తేటపడుతుంది. అంటే నీళ్లలో చూడటానికి వాడే అద్దాల ముసుగు (స్నార్కెల్ మాస్క్) పెట్టుకుని పగడాలు చూడటానికి అష్టమి మంచిది. నీరు వెనక్కి తగ్గిన రాతి తీరం మీద నడుస్తూ గుంటల్లో ప్రాణుల్ని చూడటానికి అమావాస్య మంచిది.

అందుకే నా సలహా ఇది: బహుళ సప్తమికో అష్టమికో పోర్ట్‌బ్లెయిర్‌లో దిగండి, అమావాస్యకు నీల్ దీవిలో ఉండండి. మధ్యలోని చీకటి రాత్రులు తాబేళ్ల తీరానికి సరిపోతాయి. గంటల లెక్క కోసం పోర్ట్‌బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. ఒకసారి తెలిస్తే, రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని మీరే లెక్క కట్టుకోవచ్చు.

పేర్లతో తికమక పడకండి. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయ్యాయి. టికెట్ల మీద కొత్త పేర్లు ఉంటాయి, ఆటోవాళ్ల నోట పాత పేర్లు వినిపిస్తాయి. నేనూ అలవాటైన పేర్లే వాడుతున్నాను.

జట్టును కుదుర్చుకోవడం

పదిమంది దాటితే ఇది పెళ్లివారి బస్సు అవుతుంది. ఇరవైమంది వస్తామంటే రెండు జట్లుగా విడిపోయి, ఒకరు పొద్దున వెళ్లిన చోటికి మరొకరు మర్నాడు వెళ్లండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ నిస్సంకోచంగా తీసుకెళ్లవచ్చు. ఒకచోట కదలకుండా కూర్చోవడంలో కుర్రవాళ్లకన్నా మామ్మలే నయం.

పనులు ముందే పంచుకోండి. ఒకరి చేతిలో ఆటుపోట్ల పట్టిక ఉండాలి, ఎప్పుడు బయలుదేరాలో ఆ మనిషి మాటే చెల్లాలి. ఒకరు మందుల సంచి చూసుకోవాలి. పడవ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ తలలు లెక్కపెట్టడం ఇంకొకరి పని. చూసినవి రాసిపెట్టే పని ఓపికున్న అమ్మాయికో అబ్బాయికో అప్పగించండి, వాళ్ల కళ్లే ముందు చురుకవుతాయి.

సామాన్లలో అన్నిటికన్నా ముఖ్యం బైనాక్యులర్లు. ఇద్దరికి ఒకటి చొప్పున, 8×42 రకమైతే (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది) పడవ ఊగుతున్నా బొమ్మ నిలుస్తుంది. పొడుగు చేతుల చొక్కాలు, పాత బూట్లు, ఎర్ర కాగితం అంటించిన టార్చిలైట్లు, ప్రతి మనిషికీ ఒక స్టీలు సీసా పెట్టుకోండి. తినుబండారాలు స్టీలు డబ్బాల్లోనే సర్దండి. జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్ సంచి గాని సీసా గాని తీసుకెళ్లనివ్వరు. చక్కిలాల పొట్లం కూడా వాండూర్ జెట్టీ దగ్గరే ఆగిపోతుంది. స్టీలు క్యారియర్‌లో పులిహోర మాత్రం ఏ అడ్డంకీ లేకుండా దాటుతుంది.

ఇసుక ఈగల సంగతి ఎవరూ ముందు చెప్పరు. కంటికి ఆనవు, కుట్టినప్పుడు తెలియదు, మర్నాటి నుంచి వారం రోజులు దురద. తీరంలో ఒట్టి ఇసుక మీద కూర్చోకండి, మందపాటి దుప్పటి పరుచుకోండి, కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా రాయండి. గోకితే పుండు పడుతుంది.

మొదటి తెల్లవారుజాము: పక్షులు

అండమాన్‌లో గడియారం మనదే గాని సూర్యుడు మనవాడు కాదు. హైదరాబాద్‌కన్నా అక్కడ దాదాపు గంట ముందు పొద్దు పొడుస్తుంది, గంట ముందే గుంకుతుంది. జనవరిలో సాయంత్రం అయిదున్నరకు చీకటి పడిపోతుంది. ఎనిమిదింటికి ఫలహారం చేసి బయలుదేరితే పక్షుల పని అప్పటికే అయిపోయి ఉంటుంది. అయిదుంపావుకల్లా మీరు అడవి అంచున ఉండాలి.

మొదటి చోటు చిడియా టాపు, పోర్ట్‌బ్లెయిర్‌కు దక్షిణాన సుమారు 25 కిలోమీటర్లు. వాహనాన్ని దూరంగా ఆపించి, రోడ్డు వెంట జంటజంటలుగా, మాటల్లేకుండా నడవండి. ఇరవై అడుగులు నడిచి అయిదు నిమిషాలు నిలబడటం పద్ధతి. ముందు చెవికి అందుతుంది: మొద్దు మీద గట్టిగా మోగే దెబ్బలు. అండమాన్ వడ్రంగిపిట్ట ఒళ్లంతా నల్లన, నెత్తిన ఎర్రని జుట్టు. అలాగే ఇక్కడి జెముడుకాకి మన ఊళ్లో దానిలా నల్లగా ఉండదు, గోధుమ రంగులో ఉంటుంది. అండమాన్ పసులపోలిగాడు, అండమాన్ పాముల గద్ద, ఈ దీవుల అధికారిక పక్షి అయిన అండమాన్ అడవి పావురం కూడా ఈ దారిలోనే కనబడతాయి. సాయంత్రం చీకటి పడే వేళ ఇదే రోడ్డుకు మళ్లీ వస్తే గుడ్లగూబల పిలుపులు వినిపిస్తాయి. ఫోనులో వాటి కూత పెట్టి రప్పిస్తామనే గైడ్లు ఉంటారు, వద్దనండి. తన జాగాలోకి పగవాడు చొరబడ్డాడనుకుని ఆ పక్షి వేట మానుకుని మీ చుట్టూ తిరుగుతుంది. సాయంత్రం నుంచి నాలుగు జట్లు అదే పని చేస్తే దాని రాత్రంతా వృథా.

తిరుగుదారిలో సిప్పీఘాట్ దగ్గర ఆగండి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. అక్కడి వరిచేలలోకి సముద్రపు నీళ్లు వచ్చి వెనక్కి పోలేదు. రైతులు భూములు పోగొట్టుకున్నచోట ఇప్పుడు కొంగలు, ఉల్లంకులు, కంటి చుట్టూ తెల్లని వలయమున్న అండమాన్ బాతులు మేస్తున్నాయి. ఉత్తరాన దీనికి తలకిందులుగా నేల పైకి లేచి, పగడపు దిబ్బలు గాలికి బయటపడి చచ్చిపోయాయి.

మూడో చోటు మౌంట్ హ్యారియట్, 2021 నుంచి మౌంట్ మణిపూర్. 1891 యుద్ధం తర్వాత మణిపూర్ రాజును, ఆయన మనుషుల్ని బ్రిటిష్‌వాళ్లు బందీలుగా ఉంచింది ఇక్కడే. ఛాతమ్ జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కు వాహనాలు ఎక్కించుకునే పడవ ఉంటుంది. ఒక పూట చాలు.

హోటల్ గోడ మీద పచ్చబల్లి కనబడితే మాత్రం పది నిమిషాలు కేటాయించండి. చిలకపచ్చ రంగు, వీపున ఎర్రని మచ్చలు, పగలే తిరుగుతుంది. దీని చుట్టాలన్నీ మడగాస్కర్ వైపు దీవుల్లో ఉన్నాయి. ఇంత దూరాన అండమాన్‌లో ఇదొక్కటే ఉంది. అరటిపువ్వు దగ్గర నిలబడితే, నాలుక చాచి తేనె నాకి, అదే నాలుకతో కన్ను తుడుచుకోవడం చూడవచ్చు.

జాలీబాయ్: నీటి అడుగున

వాండూర్‌లోని మహాత్మాగాంధీ సాగర జాతీయోద్యానం 1983లో ఏర్పడింది. అందులోని జాలీబాయ్ దీవిని ఇంచుమించు నవంబరు నుంచి మే దాకా తెరుస్తారు, మిగతా కాలం రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు. ఒకదానికి విశ్రాంతి ఇవ్వడమే ఇందులోని ఉద్దేశం. అనుమతి ముందుగా తీసుకోవాలి, సోమవారం సెలవు.

ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకోండి. ముసుగు ముందు మోకాలి లోతు నీళ్లలో అలవాటు చేసుకోండి. ముక్కుతో కాక నోటితో ఊపిరి తీయడం కుదిరాకే లోపలికి వెళ్లండి. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఒక్కటే కఠిన నియమం: కాలు కింద పెట్టకూడదు. పగడం రాయిలా కనిపించే ప్రాణుల గూడు. మీ పాదం మోపినచోట ఏళ్లతరబడి పెరిగింది విరిగిపోతుంది. 2010లో నీరు వేడెక్కి అండమాన్ పగడాలు విస్తారంగా తెల్లబడ్డాయి, ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోని చోట్లున్నాయి. కొన్నిచోట్ల బూడిద రంగు శిథిలాలు కనిపిస్తాయి. పోస్టర్లలోని రంగుల్ని వెతుక్కోకుండా చేపల్ని చూడండి. చిలకచేప ముక్కులాంటి పళ్లతో పగడాన్ని కొరికే చప్పుడు, చెవులు నీళ్లలో ఉంచితే స్పష్టంగా వినిపిస్తుంది.

ఓడ మీద

దీవి నుంచి దీవికి వెళ్లే ప్రయాణాన్ని నిద్రతో గడపకండి. ప్రైవేటు ఓడలు వేగంగా పోతాయి గాని, చాలావాటిలో ఏసీ గదిలో అద్దాల వెనక కూర్చోబెడతారు. ప్రభుత్వ ఓడ నెమ్మది, బల్లలు గట్టి, టికెట్టు దొరకడం కష్టం. అయినా పైడెక్కు మీద నిలబడనిస్తారు కాబట్టి ప్రాణుల్ని చూసేవారికి అదే మేలు. కడుపు తిప్పేవారు డాక్టరును అడిగి మాత్ర ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

పదిమందీ ఒకేవైపు చూస్తే తొమ్మిదిమంది చూపు వృథా. ఓడ ముక్కును గడియారంలో పన్నెండుగా అనుకుని తలా ఒక వైపు పంచుకోండి. "మూడు గంటల దగ్గర!" అంటే అందరికీ తెలుస్తుంది. డాల్ఫిన్ల కోసం నీళ్లలో వెతక్కండి, ఆకాశంలో చూడండి. సముద్రపు రేవుపిట్టలు ఒకచోట మూగి మునుగుతుంటే కింద చేపల మంద ఉన్నట్టు. ఆ మంద వెంటే డాల్ఫిన్లు వస్తాయి. ఓడ ముందు నుంచి వెండిరేకుల్లా లేచి నీటిని ఆనుకుని ఎగిరిపోయేవి పక్షులు కావు, ఎగిరే చేపలు.

చిన్న పడవ మాట్లాడుకున్నప్పుడు బేరం కన్నా ముందు ఒక మాట చెప్పండి: డాల్ఫిన్లను తరమవద్దు, ఎదురుగా పోవద్దు, దూరంగా ఇంజను తగ్గించి ఆగాలి. అవి రావాలనుకుంటే వస్తాయి. ఈ మాట హిందీలోనే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. పడవవాడు "ఏ ఊరండీ మనది?" అని అడిగాడంటే ఆ పూట మీ అదృష్టం పండినట్టే. నీరు ఎక్కడ తేటగా ఉందో, ఏ గట్టు మీద సముద్రపు కట్లపాము ఎండ కాగుతుందో అతన్నే అడగండి.

ఉత్తరానికి వెళ్లే దారి

తాబేళ్ల తీరమున్న రంగత్‌కు రోడ్డున వెళ్తే జిర్కాటాంగ్ నుంచి జారవా అనే ఆదివాసుల రక్షిత ప్రాంతం మీదుగా పోవాలి. వాహనాలను నిర్ణీత వేళల్లో వరుసగా పంపుతారు. అద్దాలు ఎత్తి ఉంచండి, ఆపకండి, ఫోటో తీయకండి, తినడానికి ఏమీ ఇవ్వకండి. చట్టం కూడా ఇదే చెబుతోంది. దానికన్నా ముందు ఇది మర్యాద. "జారవాలు కనిపిస్తారా?" అని డ్రైవర్ను అడిగేవాళ్లు మీ జట్టులో ఉంటే, వాళ్లను కిటికీ పక్క కూర్చోబెట్టకండి. వీలైతే రంగత్‌కు ఓడలోనే వెళ్లండి. ఆ ఓడలు రోజూ ఉండవు, వేళలు ముందుగా కనుక్కోవాలి.

రోడ్డున వెళ్తే బారాటాంగ్‌లో ఒక రాత్రి ఆగి, సాయంత్రం చిన్న పడవలో ప్యారట్ ఐలాండ్‌కు వెళ్లండి. పొద్దు గుంకుతుంటే రామచిలకలు గుంపులుగుంపులుగా వచ్చి ఆ చిన్న మడ దీవిలో వాలతాయి. పడవ దూరంగా ఆపించండి. మడ అడవుల్లో చేతులు నీళ్లలో పెట్టి ఆడుకోవడం పిల్లల చేత కూడా మాన్పించండి. అక్కడున్నవి ఉప్పునీటి మొసళ్లు. 2010లో హేవ్‌లాక్‌లో రాధానగర్ సమీపాన ఒక పర్యాటకురాలు మొసలి నోట పడి చనిపోయారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట ఈత వద్దు, బోర్డు లేకపోయినా సందెవేళ ఎక్కడా వద్దు.

తాబేలు రాత్రి

రంగత్ దగ్గర ధనీనాలా తీరంలో మడ అడవి మధ్యగా చెక్క వంతెన మీద నడిచి సముద్రం చేరాలి. అటవీ శాఖవారి అనుమతితో, వారి మనిషి వెంట ఉంటేనే రాత్రి వెళ్లండి. పగటిపూట అదే వంతెన మీద ఒక గంట గడపండి. కింద బురదలో మగ ఎండ్రకాయ ఒంటి డెక్కను ఊపుతూ ఆడదాన్ని పిలుస్తుంటుంది, బురదచేపలు రెక్కల మీద పాకుతుంటాయి.

రాత్రి తీరంలో దీపాలు ఆర్పండి, నీటి అంచుకు దూరంగా, బారుగా కూర్చోండి. తాబేలు అలల్లోంచి తల ఎత్తినప్పుడు చిన్న వెలుగు కనిపించినా వెనక్కి తిరిగిపోతుంది. పైకి పాకేటప్పుడూ, గొయ్యి తవ్వేటప్పుడూ కదలకండి. వెనక రెక్కల్ని దోసిలిలా వంచి, ఒక దాని తర్వాత ఒకటిగా ఇసుక ఎత్తి పక్కన పోస్తుంది. చూడకుండానే, మోచేతి లోతు కుండలాంటి గొయ్యి గోడ కూలకుండా తవ్వుతుంది. గుడ్లు రాలడం మొదలయ్యాక దానికి లోకం పట్టదు. అప్పుడు, వెంట ఉన్న మనిషి చెయ్యి ఊపితేనే, వెనకవైపు నుంచి ఇద్దరిద్దరుగా వెళ్లి ఎర్ర వెలుగులో చూసి రావాలి. తెల్లగా, మెత్తగా, నూటికి అటూఇటూగా గుడ్లు. కళ్ల నుంచి కారే నీళ్లు ఏడుపు కాదు, ఒంట్లోని ఉప్పును అలా వదిలించుకుంటుంది. గుడ్లు కప్పి వెనుదిరిగేటప్పుడు దాని దారికి అడ్డం నిలబడకండి.

తాబేలు రాకపోవచ్చు. ఇక్కడ ఎక్కువగా వచ్చే ఆలివ్ రిడ్లే మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకూ వస్తుంది. ఆ రాత్రి రాకపోతే తిట్టుకోకండి, రెండో రాత్రి ముందే ఖాళీగా ఉంచుకోండి.

నీల్ దీవి: నీళ్లు తగ్గిన వేళ

అమావాస్యకు నీల్ చేరారు కదా. లక్ష్మణ్‌పూర్ వైపు సహజ రాతి వంతెన ఉన్న తీరానికి, పట్టికలో నీరు అన్నిటికన్నా తగ్గే సమయానికి గంటన్నర ముందే వెళ్లండి. తగ్గే నీటి వెంట లోపలికి నడవండి, తిరిగి ఎక్కడం మొదలవగానే వెనక్కి రండి. ఈ ఒక్క విషయంలో పట్టిక చేతపట్టిన మనిషి కేకేస్తే మారుమాట ఉండకూడదు.

వంతెన దగ్గర ఫోటోల గుంపును దాటి ముందుకు పోతే, మోకాలి లోతు గుంటలు వరుసగా ఉంటాయి. ఒక గుంట ఎంచుకుని నలుగురు దాని చుట్టూ కూర్చోండి. మీ నీడ నీళ్లమీద పడనివ్వకండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత ఒక శంఖం నడుస్తుంది, లోపల ఎండ్రకాయ. ఇసుక పూసుకున్న నల్లటి సముద్ర దోసకాయ ఒక చివర ఇసుక మింగి, ఇంకో చివర శుభ్రమైన ఇసుక వదులుతుంది. రాతి పగుల్లో ఇరుక్కున్న పెద్ద ఆల్చిప్ప నోటి అంచు నెమలి రంగులో మెరుస్తుంటుంది. చెయ్యి అడ్డం పెట్టి నీడ పడనిస్తే చప్పున ముడుచుకుంటుంది. ఒక్కసారి చూస్తే చాలు, ఆట పట్టించకండి. రాయి కింద చూడాలనుకుంటే మెల్లగా ఎత్తి, చూసి, ఉన్నది ఉన్నట్టుగా తిరిగి పెట్టండి. అందంగా ఉండే కోను ఆకారపు శంఖాన్ని మాత్రం ఎవరూ చేత్తో తీయకూడదు, దాని విషపు ముల్లు మనిషిని చంపగలదు.

ఖాళీ గవ్వలు కూడా ఏరుకోకండి. శంఖం మోసుకు తిరిగే ఎండ్రకాయ పెరిగేకొద్దీ పెద్ద ఇల్లు వెతుక్కోవాలి, మీరు పట్టుకెళ్లేది ఆ ఇల్లే. పైగా పగడం ముక్కలు, చాలా రకాల శంఖాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. విమానాశ్రయంలో సామాన్లు తనిఖీ చేస్తారు, చచ్చిన పగడమైనా ఒప్పుకోరు. బయలుదేరే ముందు రాత్రి పిల్లల జేబులు, బూట్లు దులపండి.

ఇంటికి వచ్చాక రాసిపెట్టిన జాబితా మూల పడేయకండి. పక్షుల్ని ఈబర్డ్ అనే వెబ్‌సైట్లో, మిగతావాటిని ఐన్యాచురలిస్ట్ అనే వెబ్‌సైట్లో తేదీ, చోటు సహా ఎక్కించండి. పేరు తెలియని ఎండ్రకాయ ఫోటో అయినా సరే, పేరు చెప్పేవాళ్లు అక్కడ ఉన్నారు.